పాత చిన్న ట్రాక్టర్‌కు లిఫ్ట్ లేవకున్నా, గేరు జారినా: పానా పట్టే ముందు జబ్బు కనిపెట్టడం ఎలా

బత్తాయి చెట్ల నడుమ తిరగడానికి, పత్తి సాళ్లలో గుంటుక తోలడానికి కొన్న 15 నుంచి 30 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్లు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి. ఇంజను బాగానే ఉంటుంది. ఆగిపోయేది వెనకాల: పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ లేవదు, లేచింది నిలబడదు, గేరు జారుతుంది, క్లచ్ పట్టదు. అలాంటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, ముందే పంపు విప్పడం. కొత్త పంపు వేసినా లిఫ్ట్ లేవదు, ఎందుకంటే అసలు జబ్బు బురద పట్టిన ఆయిల్ జాలిలోనో, చిట్లిన రబ్బరు పైపులోనో, పిస్టన్ మీది ఓ-రింగులోనో (ఆయిల్ జారకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగు) ఉంటుంది. ఏ భాగం చెడిందో బయట నుంచే తేల్చుకోవచ్చు. ఆ పరీక్షలు ఇవి.

మొదట ప్రాణం సంగతి. లేపిన గొర్రు కింద, రోటవేటర్ కింద లిఫ్ట్‌ను నమ్మి దూరవద్దు. పనిముట్టును కిందికి దించాలి, లేదంటే ఇనుప స్టాండో మొద్దో పెట్టి దాని మీద ఆనించాలి. వేడిగా ఉన్న పైపులో సన్నటి చీలిక ఉందేమోనని చేత్తో తడిమి చూడకూడదు. ఇంజను నడుస్తుండగా ఆ సందులోంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు, కానీ లోపల కండ చచ్చిపోతుంది. అట్ట ముక్క అడ్డం పెట్టి తడి ఎక్కడ పడుతుందో చూడాలి. ఒకవేళ దిగితే పొద్దున చూద్దామనుకోకుండా అప్పుడే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి పోవాలి, "ఒత్తిడితో ఆయిల్ లోపలికి పోయింది" అని డాక్టరుకు విడమరిచి చెప్పాలి.

ఆయిలే మొదటి సాక్షి

చాలా చిన్న ట్రాక్టర్లలో గేర్ బాక్సుకు, డిఫరెన్షియల్‌కు (మలుపులో రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరిగేలా చేసే గేర్లు), లిఫ్ట్‌కు ఒకటే ఆయిల్. అందుకే ఒకచోట జబ్బు ఇంకోచోట కనిపిస్తుంది. బండిని చదునైన చోట ఆపి, లిఫ్ట్ చేతులు పూర్తిగా దించి, ఐదు నిమిషాలు ఆగి కొలపుల్ల చూడాలి. లిఫ్ట్ పైకి ఉండగా చూస్తే సిలిండర్‌లో ఉన్న ఆయిల్ లెక్కకు రాదు, తక్కువ ఉందనుకుని ఎక్కువ పోస్తారు. ఎక్కువైన ఆయిల్ వెనక ఇరుసు సీళ్లను తోసుకుని బ్రేకుల మీదికి పోతుంది.

రంగు చూడండి. పాలల్లా, మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. పైన నురుగు తేలి, కాసేపటికి అదే విరిగిపోతే గాలి కలుస్తోంది. రెండింటికీ తేడా తెలియకపోతే నాలుగు చుక్కలు కాలుతున్న పెనం మీద వేయండి: నీళ్లుంటే చిటపటలాడుతుంది, గాలి మాత్రమే ఉంటే పొగ వస్తుంది అంతే. నల్లబడి మాడు వాసన వస్తే ఎక్కడో విపరీతంగా వేడెక్కుతోంది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటితే అది మామూలు అరుగుదల. గోటితో పట్టుకోగల ఇనుప పెచ్చులు, పంటి ముక్కలు వస్తే బండిని అక్కడే ఆపాలి. ఇత్తడి రంగు తళుకు కనిపిస్తే బుష్షో, థ్రస్ట్ వాచరో అరుగుతోందన్నమాట.

సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కేజ్ వీల్స్ (ఇనుప పట్టీల చక్రాలు) వేసి కరిగెట (నాట్లకు ముందు బురద దున్నడం) చేసే బండ్లలో నీళ్లు దూరడం మామూలు. దారులు నాలుగు: వెనక ఇరుసు సీళ్లు, పీటీఓ (రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) సీలు, గేర్ లివర్ కింది రబ్బరు టోపీ, బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రం). ఈ నాలుగింటినీ సరిచేయకుండా ఆయిల్ మాత్రమే మారిస్తే నెల తిరక్కుండానే మళ్లీ తెల్లబడుతుంది. నీళ్లు కొద్దిగానే ఉంటే రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున స్టార్ట్ చేయక ముందే డ్రెయిన్ బోల్టును కొంచెం వదులు చేయండి. అడుగున దిగిన నీళ్లు ముందు కారతాయి, ఆయిల్ రాగానే బిగించవచ్చు. పూర్తిగా పాలలా కలిసిపోయిన ఆయిల్ మాత్రం ఇలా విడిపోదు, మార్చాల్సిందే.

ఏ ఆయిల్ పోయాలన్నది బండి పుస్తకం చెప్పినట్టే. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే రకమైతే ట్రాక్టర్ల కోసం చేసిన ఉమ్మడి ట్రాన్స్‌మిషన్ ఆయిలే కావాలి. దాని బదులు మామూలు చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు వేసినప్పుడల్లా గురగురమని అదురుతుంది. రెండు మూడు రకాలు కలిపితే నురుగు పెరుగుతుంది.

హైడ్రాలిక్ ట్రాలీ ఉన్నవాళ్లు ఇది గమనించాలి. ట్రాలీ జాకీ లేచినప్పుడు అది నింపుకునే ఆయిల్ మీ బండి కడుపులోంచే పోతుంది. మట్టం తగ్గి పంపు గాలి పీలుస్తుంది, ట్రాలీ సగం లేచి ఆగుతుంది. అంతకన్నా ప్రమాదం, ఇంకొకరి ట్రాలీ తగిలించినప్పుడు దాని పైపులో ఉన్న ఇసుక, పాత ఆయిల్ మీ బండిలోకి రావడం. కప్లింగ్ మూతలు ఊడిపోయి మట్టిలో ఈడ్చిన పైపును తుడవకుండా తగిలిస్తే వాల్వు, పంపు రెండూ గీతలు పడతాయి.

లిఫ్ట్ అసలు లేవకపోతే

ముందు పంపు తిరుగుతోందా అన్నది చూడాలి. కొన్ని బండ్లలో పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది, ఇంజను తిరిగితే అదీ తిరుగుతుంది. పాత మాసీ ఫెర్గూసన్ 1035 లాంటి వాటిలో పంపు వెనక హౌసింగ్ లోపల, పీటీఓ షాఫ్టు మీద ఉంటుంది. పీటీఓ లివర్ న్యూట్రల్‌లో ఉన్నా, క్లచ్ పూర్తిగా తొక్కి ఉన్నా పంపు ఆగుతుంది. లివర్ వేయడం మరిచిపోయి లిఫ్ట్ చెడిందనుకోవడం జరుగుతుంటుంది.

రెండోది రెస్పాన్స్ నాబ్, అంటే సీటు కింద దిగే వేగాన్ని సర్దే చిన్న తిప్పుడు. దాన్ని బిగించి వదిలేస్తే లేచిన గొర్రు దిగదు, కొన్నింటిలో దించినది లేవదు. దాన్ని వదులు చేసి చూడటానికి పది సెకన్లు చాలు.

ఇక జాలి. ఆయిల్ పీల్చే దారిలో ఉండే ఇనుప జాలి తీసి డీజిల్‌లో కడగాలి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి. గుడ్డ పీలికలు, పాత ప్యాకింగ్ ముక్కలు, హెర్మటైట్ (అతుకులకు పూసే జిగురు) గడ్డలు అందులోనే దొరుకుతాయి. కాగితం ఫిల్టరైతే కడగకుండా మార్చాలి. జాలి మూత కింద ఓ-రింగు ప్రతిసారీ కొత్తది వేయండి. పాతదే వేస్తే అక్కడి నుంచి గాలి పీల్చి, సాయంత్రానికల్లా కొత్త జబ్బు మొదలవుతుంది.

గాలి పీలుస్తున్న పంపును చెవితోనే పట్టవచ్చు. సన్నటి కూత పెడుతుంది, లిఫ్ట్ వణుకుతూ లేస్తుంది, ఆయిల్ నురుగు కడుతుంది. పీల్చే పైపు ప్రతి అతుకు మీద చిక్కటి గ్రీసు పూసి ఇంజను నడపండి. ఏ అతుకు దగ్గర పూసినప్పుడు కూత తగ్గుతుందో లీకు అక్కడే. పీల్చే వైపు లీకులోంచి ఆయిల్ బయటికి కారదు, అందుకే పైకి పొడిగా కనిపించే అతుకునే ఎక్కువ అనుమానించాలి.

చల్లగా ఉన్నప్పుడు లేస్తుంది, వేడెక్కితే లేవదు

ఎండాకాలం దుక్కుల్లో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇది. వేడికి ఆయిల్ పలచబడుతుంది, అరిగిన సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది. జారేది ఎక్కడి నుంచి అన్నదే ప్రశ్న: పంపు, రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దు మీరితే ఆయిల్‌ను వదిలేసేది), కంట్రోల్ వాల్వు (లివర్ కదిలినట్టు ఆయిల్‌ను మళ్లించేది), సిలిండర్.

గేజీ లేకపోయినా ఫోన్‌లో గడియారం చాలు. ఇంజనును సగానికి పైన వేగంలో పెట్టి, రోజూ వాడే గొర్రును అట్టడుగు నుంచి పైదాకా లేపి సెకన్లు లెక్కపెట్టండి. బాగున్న లిఫ్ట్‌కు రెండు మూడు సెకన్లు పడుతుంది. పొద్దున మూడు, మధ్యాహ్నం ఎనిమిది వస్తే లోపల జారుడు ఖాయం. పనిముట్టు లేకుండా ఖాళీ చేతులే మెల్లగా లేస్తుంటే పంపుకు ఆయిల్ అందడం లేదు లేదా పంపు అరిగింది. ఖాళీ చేతులు చురుగ్గా లేచి, బరువు పడగానే ఆగిపోతుంటే ఒత్తిడి నిలవడం లేదు.

ఒత్తిడి తేల్చడానికి 250 బార్ (ఒత్తిడి కొలత) దాకా చూపే గేజీని ట్రాలీ పైపు తగిలించే చోట బిగించండి. బండిని అరగంట నడిపి ఆయిల్ వేడెక్కాక, లివర్ పైకి లాగి రిలీఫ్ వాల్వు కూత పెట్టే వరకు చూడండి. ఆ రెండు మూడు సెకన్లలోనే అంకె చదివి లివర్ వదలాలి. గేర్ పంపు ఉన్న చిన్న బండ్లకు సాధారణంగా 150 నుంచి 200 బార్ మధ్య ఉంటుంది. మీ బండి అంకె పుస్తకంలో చూడాలి. తక్కువ వస్తే రిలీఫ్ వాల్వు విప్పి, గుండు కూర్చునే చోట చెత్త, గుంట ఉన్నాయా చూసి, స్ప్రింగు వెనక ఒక్క పలచటి వాచరు వేసి మళ్లీ కొలవండి. ఒత్తిడి పెరిగితే స్ప్రింగు అలసింది, కొత్తది వేయాలి. ఏమీ పెరగకపోతే స్ప్రింగు తప్పు కాదు, జారుడు ఇంకోచోట ఉంది. ఈ వాచరు పరీక్ష కోసమే. బరువు ఎక్కువ లేపుతుందని రెండు మూడు వాచర్లు వేసి వదిలేస్తే పంపు బాడీ పగులుతుంది, లిఫ్ట్ పై కవరు చీలుతుంది. పోత ఇనుము పగిలితే అతకడం కష్టం.

ఇక్కడిదాకా వచ్చాకే పంపు విప్పాలి. లోపల చూడాల్సింది రెండు చోట్ల: గేర్ల పక్క ప్లేట్ల మీద గీతలు, ఆయిల్ పీల్చే వైపు బాడీ గోడ మీద గేర్ పళ్లు చెక్కిన గాడి. ఒత్తిడి గేర్లను ఎప్పుడూ పీల్చే వైపుకే నొక్కుతుంది కనుక అరుగుదల అక్కడే. గాడి వేలికి తగిలితే సీల్ కిట్టు వేసి లాభం లేదు, పంపు మార్చాలి. గాడి లేకుండా సీళ్లు మాత్రమే గట్టిపడి ఉంటే కిట్టుతో సరిపోతుంది.

లేచింది నిలబడకపోతే

బరువు లేపి ఇంజను ఆపండి. లిఫ్ట్ చేతికీ మడ్‌గార్డుకూ ఎదురెదురుగా సుద్దతో గీత గీసి పావుగంట చూడండి. వేలెడు దిగితే పాత బండికి అది మామూలే. చూస్తుండగానే నేలకు వచ్చేస్తే లోపల లీకు ఉంది. ఇంజను నడుస్తుంటే ఇదే లీకు ఇంకోలా కనిపిస్తుంది: గొర్రు కొంచెం దిగుతుంది, మళ్లీ ఎగురుతుంది, ఎక్కిళ్లు వచ్చినట్టు ఆగకుండా అలాగే చేస్తుంది.

రెస్పాన్స్ నాబ్ పూర్తిగా మూసుకునే రకమైతే తేల్చడం తేలిక. బరువు లేపి నాబ్ బిగించేయండి. అప్పుడు కూడా దిగుతుంటే లీకు సిలిండర్ వైపే, అంటే పిస్టన్ సీలు లేదా సిలిండర్ సేఫ్టీ వాల్వు. నాబ్ బిగించగానే నిలబడితే సిలిండర్ మంచిదే, కంట్రోల్ వాల్వు జారుతోంది. నాబ్ అలాంటిది కాకపోతే బరువు కింద స్టాండు పెట్టి, పై మూత తీసి టార్చిలైటుతో చూడండి. సిలిండర్ తెరిచిన నోటి నుంచి ధార కారితే పిస్టన్ సీలు, వాల్వు దగ్గర కారితే వాల్వు.

పిస్టన్ సీలు మార్చేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు వరుస తారుమారు కావడం. నల్లటి ఓ-రింగు ఒత్తిడి వచ్చే వైపు ఉండాలి, తెల్లటి బ్యాకప్ రింగు దాని వెనక ఉండాలి. తిరగేస్తే కొత్త ఓ-రింగు కొద్ది రోజుల్లోనే సందులోకి నలిగి తెగుతుంది. రింగును గ్రీసు పూసి, మెలిక పడకుండా ఎక్కించాలి. సిలిండర్ లోపల గోరు గీకి చూడండి. గోరు ఆగే గీత ఉంటే సీలు మార్చి ఫలితం లేదు, లేతు షాపులో హోనింగ్ (లోపలి గోడను నునుపుగా అరగదీయడం) చేయించాలి లేదా లైనర్ మార్చాలి. నీళ్లు దిగిన బండిలో కంట్రోల్ వాల్వు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. దాన్ని డీజిల్‌లో నానబెట్టి చేత్తోనే కదిలించాలి. ఎమిరీ కాగితం తగిలించవద్దు. వాల్వు, దాని బాడీ జంటగా అరగదీసి సరిపోల్చినవి, వెంట్రుకవాసి తగ్గినా జారుడు పెరుగుతుంది.

దుక్కి దున్నుతుంటే గొర్రు దానంతటదే పైకీ కిందికీ ఆడుతోందంటే సీళ్ల జోలికి పోకముందు డ్రాఫ్ట్ లివర్ ఎక్కడుందో చూడాలి. నాగలికి డ్రాఫ్ట్ (నేల లాగే బరువును బట్టి లోతు సర్దేది), రోటవేటర్‌కు పొజిషన్ (పెట్టిన ఎత్తులోనే నిలిపేది). డ్రాఫ్ట్‌లోనే ఆడుతుంటే టాప్ లింక్ (పనిముట్టును పైనుంచి బండికి కలిపే కడ్డీ) పట్టుకునే స్ప్రింగు ముందుకూ వెనక్కూ వదులుగా ఉందా, అక్కడి పిన్నులు అరిగాయా చూడండి. చెల్క నేలలో రాయి తగిలినప్పుడల్లా ఆ పిన్నులకే దెబ్బ.

లివర్ పూర్తిగా పైకి ఉన్నప్పుడు బండి ఆగకుండా కూత పెడుతుంటే రిలీఫ్ వాల్వు తెరుచుకునే ఉంది, ఆయిల్ ఊరకే కాగుతోంది. పైన ఆగాక కూడా చేతులను మనిషి పట్టి ఎత్తితే కాస్త కదిలేంత ఖాళీ ఉండాలి. ఆ మేరకు లివర్ రాడ్డును సర్దాలి.

క్లచ్: చెవి, పాదం చెప్పేది

న్యూట్రల్‌లో ఇంజను నడుపుతూ క్లచ్‌ను మెల్లగా తొక్కండి. కాలు తాకగానే కీచుమంటే రిలీజ్ బేరింగ్. వదిలినప్పుడు గరగర ఉండి తొక్కగానే ఆగిపోతే గేర్ బాక్సు మొదటి షాఫ్టు బేరింగ్. గేరు వేసి పూర్తిగా తొక్కి ఉంచినప్పుడే మోగితే ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్. ఈ మూడూ బండి విడగొట్టాకే మార్చగలం, కానీ ఏది తేవాలో ముందే తెలిస్తే బండి రెండుసార్లు విడగొట్టే బాధ తప్పుతుంది.

క్లచ్ జారుతోందా లేదా తేల్చాలంటే, బండి ముందు మనుషులెవరూ లేకుండా చూసుకుని, బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టుతోంది. ఆగకుండా తిరుగుతుంటే జారుతోంది. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే ఆ పరీక్షే ప్లేటును కాలుస్తుంది. ప్లేటు అరిగిందనుకునే ముందు పెడల్ ఖాళీ కొలవండి. చాలా బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గుతుంది, సున్నా అయితే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఫింగర్లను (ప్లేటును విడిపించే చిన్న మీటలను) నొక్కుతూనే ఉంటుంది, మంచి ప్లేటు కూడా జారుతుంది.

దీనికి తిరగబడ్డ జబ్బు క్లచ్ విడవకపోవడం. క్లచ్ తొక్కి ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేసినా గరగరమంటే విడవడం లేదు. ఖాళీ ఎక్కువైందా చూడండి. వానాకాలం నెలల తరబడి నిలిపిన బండైతే ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అంటుకుని ఉండవచ్చు. ఇక ముందు నుంచి బండి నిలపాల్సి వస్తే క్లచ్ పెడల్‌ను తొక్కి ఉంచి చిన్న కర్ర అడ్డం పెట్టండి.

క్లచ్ హౌసింగ్ అడుగు రంధ్రంలోంచి చుక్కలు కారుతుంటే వాసన, రంగు చూడండి. నల్లగా ఉంటే ఇంజను వెనక సీలు, పసుపు పచ్చగా చిక్కగా ఉంటే గేర్ బాక్సు షాఫ్టు సీలు. కొన్ని బండ్లలో ఆ రంధ్రానికి బిరడా ఇస్తారు, కరిగెటలో దిగేటప్పుడు బిగించాలి, బయటికి రాగానే తీసేయాలి. తీయడం మరిచిపోతే కారిన ఆయిల్ లోపలే నిలిచి ప్లేటును ముంచుతుంది.

గేరు జారడం, వెనక మోత

ఒకే గేరు, అదీ బరువు లాగుతున్నప్పుడే ఊడివస్తుంటే ఆ గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరిగాయి. అన్ని గేర్లూ ఊడుతుంటే అంత లోతుకు పోనక్కర్లేదు: పై మూత తీసి, షిఫ్టు రాడ్డును పట్టే గుండు, దాని స్ప్రింగు చూడండి. స్ప్రింగు విరిగి ఉంటే మార్చడం చిన్న పని. మూత తీసేటప్పుడు గుండు గేర్ బాక్సులో పడకుండా గుడ్డ పరచాలి. షిఫ్టు ఫోర్కు వంగినా, కొసలు అరిగినా గేరు పూర్తిగా ఎక్కదు, సగం పట్టిన పళ్లు త్వరగా చెడతాయి.

వెనక మోత ఎప్పుడు వస్తుందో గమనించడమే సగం పని. తిన్నగా పోతున్నంతసేపూ హోరు ఉంటే క్రౌను పినియన్ (వెనక ఇరుసుకు శక్తిని మళ్లించే గేర్ల జత) లేదా దాని బేరింగులు. మలుపులోనే టకటకమంటే స్టార్ పినియన్లు (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు), వాటి వాచర్లు. ఇంజను వేగంతో కాకుండా ఒక్కో చక్రం తిరుగుడుకు ఒక్కసారి టక్కుమంటే ఫైనల్ డ్రైవ్‌లో (చక్రాన్ని తిప్పే చివరి గేర్లలో) పన్ను విరిగింది. తోట మలుపుల్లో బండి తిరగక తిన్నగా నెడుతుంటే డిఫరెన్షియల్ లాక్ (రెండు వెనక చక్రాలను ఒకటిగా తిప్పే బిగింపు) ఊడలేదు: దాని స్ప్రింగు చూడాలి, అలాగే మలుపు తిప్పితే పళ్లు ఊడతాయి.

ఒక వైపు బ్రేకు జారుతుంటే చక్రం లోపలి వైపు ఆయిల్ తడి ఉందా చూడండి. సీలు కొనేముందు బ్రీదర్ విప్పి గాలి ఊదండి. మట్టితో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలును కూడా నెట్టుకుని ఆయిల్ వస్తుంది. బత్తాయి తోటల్లో ఇంకో శత్రువు డ్రిప్ లేటరల్ పైపు. ముందు ఇరుసుకు, పీటీఓకు చుట్టుకుని కరిగి, సీలు పెదవిని కోస్తుంది. పని ముగియగానే చుట్టుకున్నది కోసి తీయాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలకూ ఇంజను శక్తి అందే) బండ్లలో ముందు చక్రాలను వెనక వాటికన్నా కొంచెం వేగంగా తిరిగేలా చేస్తారు. మెత్తటి దుక్కిలో జారుడుతో అది సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద సర్దుకోలేక ముందు షాఫ్టు మెలిపడుతుంది, లివర్ తీయడానికి రాదు. రెండడుగులు వెనక్కి నడిపితే వదులవుతుంది. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేస్తే ఈ లెక్క చెడుతుంది.

విడగొట్టి మళ్లీ కలిపేటప్పుడు

క్లచ్ కోసం బండిని నడుమ విడగొట్టేముందు ముందు ఇరుసుకూ ఫ్రేముకూ మధ్య రెండు వైపులా చెక్క చీలలు (వెడ్జీలు) గట్టిగా కొట్టండి. ముందు ఇరుసు మధ్యలో ఊగేలా ఉంటుంది కనుక చీలలు లేకపోతే ఇంజను భాగం పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. ప్లేటు లైనింగ్ రివెట్ తలల కన్నా అర మిల్లీమీటరు కూడా మిగలకపోతే మార్చండి. ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా స్కేలు పెట్టి చూడండి, ఒకటి తగ్గితే బండి కదిలేటప్పుడు అదురుతుంది. ప్లేటును నడుమకు తేవడానికి పాత షాఫ్టు ముక్కను వాడండి, లేకపోతే రెండు సగాలు కలవవు. బోల్టులతో లాగి కలపాలని చూస్తే ప్లేటు నడిబొడ్డు వంగుతుంది.

కలిపాక ఆయిల్ పోసి, ఇంజనును మెల్లగా నడిపి, ఖాళీ చేతులను పది పదిహేను సార్లు లేపి దించితే గాలి బయటికి పోతుంది. మళ్లీ కొలపుల్ల చూసి తగ్గినది నింపండి. గేర్ బాక్సో పంపో విప్పి చేసిన పని అయితే 50 గంటలు నడిచాక జాలి మరోసారి కడిగి, అయస్కాంతం మీద ఏం అంటిందో చూడండి.